చావురంగు

వీబ్రెన్ ఫాన్ దెర్ మ్యూలెన్‌ని ఆ మాట పట్టుకుని చాలా ఏళ్ళయింది. రేవులో చేపలు వేయించి అమ్మే త్రైన్‌చ్యే దగ్గర్నుంచి చర్చిలో ఆర్గన్ వాయించే ముసలాయన దాకా అందరిదీ ఒకటే పాట. బాస్ చాలింగ్ పోస్ట్‌మా తర్వాత ఆ బోర్డులకి రంగులేసే పనిషెడ్డు వీబ్రెన్‌దే, అతనికి చావురంగు ఎప్పుడో పడిపోయింది, అని.

డోడ్‌ఫెర్వెన్ అని ఇక్కడివాళ్ళ నోట్లో నలిగిన క్రియ ఒకటుంది. డోడ్ అంటే చచ్చినది, ఫెర్వెన్ అంటే రంగు వెయ్యడం. రెండూ అతికించి ఒక్కటి చేశారు. రేపు మేయరెవరు, ఫుట్‌బాల్ జట్టుకి కొత్త కోచ్ ఎవరు, ఫలానా కుర్చీలో ఎవరు కూర్చుంటారు అని రాయాల్సి వచ్చినప్పుడల్లా పేపరువాళ్ళు దాన్నే వాడతారు. ఒకడికి చావురంగు వేశారంటే, కాబోయేవాడు వాడేనని నలుగురూ ఒప్పేసుకున్నారని అర్థం. అందులో చావెందుకొచ్చింది, రంగెందుకొచ్చింది అని అడిగేవాడు లేడు. మాట చెల్లుబాటవుతుంటే దాని పుట్టుక ఎవడిక్కావాలి?

వీబ్రెన్‌కి మాత్రం అది మాట కాదు, పని. బడి ఎగ్గొట్టి తిరిగే వయసులో ఈ షెడ్డులో చేరాడు. అప్పట్నుంచీ వేస్తున్నది చావురంగే. పాత తెరచాప పడవల వెనక బిగించే చెక్కలు, దుకాణాల బోర్డులు, చర్చి గోడల మీద వేలాడే వంశచిహ్నాలు ఇక్కడికొస్తాయి. చలికాలంలో పడవలన్నీ కట్టేసి ఉంటాయి గనక పనంతా అప్పుడే. చెక్క రాగానే నునుపు చేసి, తెలుపులో మట్టిరంగూ కాస్త నలుపూ కలిపి, బొమ్మ మొత్తం దించేస్తాడు. పడవ, అల, సింహం, పూలతీగ, ఏదైతే అది. వెలుగెక్కడ, నీడెక్కడ, ఏది ముందు, ఏది వెనక, అన్నీ అందులో ఉంటాయి. రంగొక్కటే ఉండదు. జ్వరంలో ఉన్నవాడి మొహంలా ఉంటుంది బోర్డు. దాన్నే చావురంగు అంటారు. అది ఆరాక బాస్ వచ్చి ఎరుపూ నీలమూ బంగారమూ వేసి ప్రాణం పోస్తాడు. చూసినవాళ్ళు ప్రాణం పోసినవాణ్ణి మెచ్చుకుంటారు. కింది పొర ఉందన్న సంగతే తెలియకపోతే అది బాగా కుదిరినట్టు లెక్క.

చేరిన కొత్తల్లో ఒకసారి, ఊరికే, ఒక చిన్న జెండాకి ఎరుపు వేశాడు. బాస్ తిట్టలేదు. గుడ్డ తీసి తుడిచేసి వెళ్ళిపోయాడు. అంతే. మళ్ళీ ఎరుపు జోలికి పోలేదు.

ఈ షెడ్డు తనదవ్వాలి. పై రంగు తన చేత్తో వెయ్యాలి. అతనికి కావలసిందల్లా ఇదే. ఇంకేదీ అడిగిన మనిషి కాదు.

"ఏమోయ్ యువరాజా, పట్టాభిషేకం ఎప్పుడు?" అంటూ రోజూ పొద్దున కాఫీ వేళకి దిగేవాడు ఓన్నే. పక్కింటాయన. పేపరాఫీసులో అచ్చుతప్పులు దిద్ది దిద్ది రిటైరయ్యాడు. దిద్దడానికి ఇప్పుడేమీ లేక మనుషుల మీద పడ్డాడు.

"కాఫీ తాగు, చల్లారిపోతుంది" అన్నాడు వీబ్రెన్ కుంచె ఆపకుండా.

"నీకు తెలుసా, ఆ మాట పుట్టింది ఇలాంటి షెడ్డులోనే." ఓన్నే డబ్బా మీద సర్దుకుని కూర్చున్నాడు. "పూర్వం పటాలు గీసేవాళ్ళ దగ్గరికి జనం వచ్చి తొంగిచూసేవాళ్ళన్నమాట. పటం ఇంకా కాలేదు, చావురంగే పడింది. అయినా చూడగానే అనేవాళ్ళు, ఓహో, ఇది ఫలానా వర్తకుడే, ముక్కు చూడు, అని. మనిషి పూర్తి కాకముందే మనిషిని పోల్చెయ్యడం. అక్కణ్ణించి వీధిలోకొచ్చింది. వీధిలోంచి మా పేపర్లోకొచ్చింది. ఎన్నిసార్లు దిద్దానో ఆ మాటని! ఎప్పుడూ ఒక అక్షరం మింగేసేవాళ్ళు వెధవలు."

"పోలిస్తే? పటం అదే అవుతుందని రాసిపెట్టుందా?"

"అంటే?"

"పోయిన చలికాలం బేకరీ బోర్డుకి నేను ఓడ వేశాను. బాస్ దాని మీద ఆవు వేశాడు."

"ఆవా?"

"బేకరీ ఆయన మనసు మార్చుకున్నాడు. ఓడ వద్దు, ఆవు కావాలన్నాడు. కనీసం గీకనన్నా గీకలేదు. ఓడ మీదే ఆవు. ఇప్పటికీ దాని కడుపులో నా తెరచాప ఉంది."

ఓన్నే కాఫీ ఒలికేలా నవ్వాడు. "అది నీకూ ఆ ఆవుకీ సంబంధించిన విషయం. భాష దగ్గర అలా కుదరదోయ్. ఓడ అని జనం అనుకున్నాక అది ఓడే. నువ్వేం బెంగ పెట్టుకోకు."

"బెంగేం లేదు" అన్నాడు వీబ్రెన్. నిజంగానే లేదు. ఎదురుచూపు ఒక హద్దు దాటాక నొప్పి పుట్టదు, ఒకే భంగిమలో కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలులాగా.

ఫిబ్రవరిలో చాలింగ్ పోస్ట్‌మాకి డెబ్భై నిండుతాయి. శరత్కాలం నుంచీ ఆయన చెయ్యి వణుకుతోంది. బంగారు గీతలు వంకర పోతున్నాయి. చూసినవాళ్ళు చూడనట్టే ఉన్నారు. పుట్టినరోజు దగ్గరపడుతుండగా ఒక పొద్దున మెట్లు దిగివచ్చి, షెడ్డు గుమ్మం మీది బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"అది పుచ్చిపోయింది. కొత్తది చెయ్యాలి. మంచి ఓక్ చెక్క తియ్యి."

"సరే బాస్."

"పుట్టినరోజుకి చావురంగు వేసి ఆరిపోయి ఉండాలి. ఆ వేళ అందరూ వస్తారు. చెప్పాల్సింది అప్పుడు చెప్తాను."

"సరే."

"ఎలా వెయ్యాలో నీకు చెప్పేదేముంది!"

పేరెవరిదని వీబ్రెన్ అడగలేదు. ఇక్కడ అలాంటివి అడగరు. ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి దగ్గర కాఫీ తాగినవాళ్ళు అసలే అడగరు. నోరు తెరిచి నాకిది కావాలి అన్నవాడు తేలికైపోతాడు. ఇచ్చేవాడూ నీకిస్తున్నాను అనడు. ఎవడికి వాడు అర్థం చేసుకోవాలి. ఊరంతా అర్థం చేసుకుంది. వీబ్రెన్ కూడా చేసుకున్నాడు.

పాత బోర్డు మీద మధ్యలో పేరు, పేరుకి చెరోవైపు ఒక పడవ. బంగారు అక్షరాలు రావలసిన చోట చావురంగులో ముదురు పట్టీ ఒకటి వెయ్యాలి. అది లేకపోతే బంగారం మెరవదు. పేరెంత పొడుగో పట్టీ అంత పొడుగు. పోస్ట్‌మా అన్నది పొట్టి పేరు. ఫాన్ దెర్ మ్యూలెన్ బారెడు. మధ్యాహ్నం ఎవరూ లేని సమయంలో వీబ్రెన్ గోధుమరంగు కాగితం మీద తన పేరు రాసుకుని కొలిచాడు. పట్టీని రెండు వైపులా పెంచాడు. పెంచితే పడవలకి చోటు చాల్లేదు. వాటిని మూలలకి జరిపి కాస్త చిన్నవి చేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరికీ వినపడకుండా ఈల వేస్తున్నాడని అతనికే తెలీదు.

ఇంటి దగ్గర భార్య రిన్‌స్కే బఠానీ సూపు కలుపుతూ, "బాస్ పెళ్ళాన్నయ్యాక త్రైన్‌చ్యే నాకు పెద్ద చేప ఏరి ఇస్తుందంటావా?" అంది.

"ఇప్పుడివ్వడం లేదా?"

"ఇప్పుడు తోకలిస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా తోకలు తింటున్నాం, నువ్వు చూసుకోలేదు."

ఆవిడ పుట్టినరోజుకని నీలం గౌను కుట్టించుకుంది. రెండుసార్లు వేసుకుని చూపించింది. బావుందన్నాడు.

గురువారం బాస్ షెడ్డులోకి వచ్చాడు. బోర్డు స్టాండు మీద ఉంది. దాని ముందు నిలబడ్డాడు, కళ్ళజోడు పైకి తోశాడు, కిందికి లాగాడు.

"పడవలెందుకు మూలకి పోయాయి?"

వీబ్రెన్ చేతిలో కుంచె ఉంది. దాన్ని టర్పెంటైన్ డబ్బాలో పెట్టాడు.

బాస్ జేబులోంచి మడత కొలబద్ద తీసి ఒక్కొక్క మడతా విప్పి పట్టీకి ఆనించాడు. కొలిచాడు. ఒక్కొక్క మడతా మూశాడు.

"పొడుగైంది" అన్నాడు.

"ఔను."

"మారిత్ వస్తోంది" అన్నాడు బాస్ బోర్డుతో అన్నట్టు. "లేవార్డెన్ పట్నంలో ఆ ఉద్యోగం మానేసింది. నీకు తెలుసనుకున్నాను."

మారిత్ ఆయన కూతురు. ఈ షెడ్డులోనే పాకింది, ఈ రంగుల్లోనే చేతులు ముంచింది. చెయ్యి మంచిదే. వీబ్రెన్‌ని బాబాయ్ అంటుంది.

"తెలీదు" అన్నాడు వీబ్రెన్.

"ఊళ్ళోవాళ్ళు ఏదో అంటుంటారు. ఊళ్ళోవాళ్ళు అన్నది నేనెప్పుడూ అనలేదు."

"లేదు. మీరనలేదు."

"ఆలోచించు మరి. నువ్వు బాస్‌వైతే చావురంగు ఎవరేస్తారు? ఇలాంటి చెయ్యి ఈ ప్రాంతంలో ఇంకోటి లేదు. మారిత్ దగ్గర నువ్వుంటేనే నాకు నిద్ర పడుతుంది." ఇది మెచ్చుకోలని ఆయన నిజంగానే అనుకున్నాడు. "గీకేసి మళ్ళీ వెయ్యి. పాత కొలతే. శనివారానికి ఆరుతుందా?"

"పొయ్యి దగ్గర పెడితే ఆరుతుంది."

"అప్పటిదాకా ఎవరితో అనకు. నేనే చెప్తాను."

మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు పైకి వెళ్ళిపోయింది. వీబ్రెన్ గీకుడు రేకు తీసుకుని పట్టీ రెండు చివర్లా గీకాడు. ఇంకా పచ్చిగానే ఉంది, పొరలు పొరలుగా వచ్చేసింది. పొట్టు గుడ్డతో తుడిచి బకెట్లో వేశాడు. పడవల్ని పాత చోటికి తెచ్చాడు, పాత సైజు ఇచ్చాడు. పని చేస్తూ మధ్యమధ్య తనలో వెతికి చూసుకున్నాడు, కోపం ఉందేమో అని, ఏడుపు ఉందేమో అని. పన్ను పీకించుకున్నాక నాలికతో ఆ చోట తడుముకున్నట్టు. ఏమీ తగల్లేదు. తిరగవేసిన పట్టీ మొదటిదానికన్నా బాగా వచ్చింది.

రిన్‌స్కేకి చెప్పలేదు. బాస్ వద్దన్నాడని ఒక కారణం. ఆవిడ గౌనుకి ఇస్త్రీ చేస్తోంది, అది రెండో కారణం. శుక్రవారం ఉల్లిపాయలతో పచ్చి హెర్రింగ్ చేప తెచ్చింది. నములుతుంటే తడిగుడ్డ నములుతున్నట్టుంది. ఇంకొకటి వేసింది. అదీ తిన్నాడు.

శనివారం బాస్ ఇంటి ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వలయం చుట్టూ తిరిగి అందరి చేతులూ కలపాలి. పుట్టినరోజు ఎవరిదైనా, ఇంట్లోవాళ్ళకీ పనివాళ్ళకీ కూడా అభినందనలు చెప్పాలి. "మీ నాన్నకి డెబ్భై, అభినందనలు." "మీ బాస్‌కి డెబ్భై, అభినందనలు." వీబ్రెన్ దగ్గరికి వచ్చేసరికి ప్రతివాడూ చెయ్యి కొంచెం గట్టిగా నొక్కాడు.

"రెండింటికీ కలిపి చెప్పేస్తున్నా" అంది త్రైన్‌చ్యే కన్నుగీటి.

"థాంక్స్."

"దొంగమొహం, ఎంత గంభీరంగా ఉన్నాడో చూడవే రిన్‌స్కే!"

"మూడ్రోజుల్నుంచీ ఇంతే. అధికారం తలకెక్కింది" అంది రిన్‌స్కే. నవ్వితే ఆవిడ చెవులదాకా ఎర్రబడుతుంది.

ఓన్నే చెయ్యి వదల్లేదు. "యువరాజా, రేపట్నుంచి నాకు కాఫీ ఉంటుందా, లేక ముందుగా అనుమతి తీసుకోవాలా?"

"ఉంటుంది" అన్నాడు వీబ్రెన్. ప్రతి చెయ్యికీ థాంక్స్ అన్నాడు. అబద్ధం అనిపించలేదు, నిజం అనిపించలేదు. మారిత్ వంటింట్లోంచి గులాబీ పాకం పూసిన కేకు ముక్కలు తెచ్చి పంచుతోంది. అతని దగ్గరికొచ్చేసరికి పళ్ళెం వైపే చూసింది.

రెండో కాఫీ పోశాక బాస్ లేచి నిలబడ్డాడు. షెడ్డులోంచి తెచ్చిన బోర్డు గోడకి ఆనించి ఉంది, బూడిదరంగులో.

"ఎక్కువ మాట్లాడను" అన్నాడు. "నా చెయ్యి చూస్తూనే ఉన్నారు. మార్చి నుంచి షెడ్డు మారిత్ చూసుకుంటుంది. ఆ బోర్డుకి బంగారం కూడా తనే వేస్తుంది. పేరు మారదు."

కూర్చున్నాడు. ఎవరి కప్పులోనో చెంచా మోగి ఆగింది. అందరూ వీబ్రెన్ వైపు చూడకుండా ఉండటానికి కిటికీ వైపు చూశారు. కిటికీలో ఏమీ లేదు, కాలవ ఉంది.

తర్వాత మర్యాద గుర్తొచ్చింది. త్రైన్‌చ్యే ముందు లేచింది, ఆవిడ వెనక మిగిలినవాళ్ళు. వలయం మళ్ళీ కదిలింది. "మారిత్, అభినందనలు." "చాలింగ్, అమ్మాయి వచ్చినందుకు అభినందనలు." ఇంట్లోవాళ్ళకి చెప్పి పనివాణ్ణి వదిలెయ్యడం పద్ధతి కాదు కదా. అవే చేతులు మళ్ళీ అతని దగ్గరికి వచ్చాయి, ఈసారి మెత్తగా. "వీబ్రెన్... మారిత్ వచ్చినందుకు నీక్కూడా అభినందనలు."

"థాంక్స్."

ఓన్నే వచ్చాడు. "యువ..." అన్నాడు. అక్కడితో మింగేశాడు. ఊరికే చెయ్యి కలిపి వెళ్ళి కూర్చున్నాడు.

రిన్‌స్కే కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉంది. "నీకు తెలుసా?" అంది పెదవులు కదలకుండా.

"గురువారం నుంచి."

"గురువారం నేను గౌను..."

"ఔను."

ఆవిడ ఫోర్కుతో పాకాన్ని కేకు మీంచి ఒలిచి పక్కకి పెట్టింది.

బాస్ కప్పు బల్ల మీద పెట్టాడు. "ఏమీ మారడం లేదు" అన్నాడు గట్టిగా. "వీబ్రెన్ ఎలాగూ ఉంటాడు. చావురంగు అతనిది, ఎప్పటికీ అతనిదే."

"ఉండను" అన్నాడు వీబ్రెన్.

తన గొంతు తనకే పక్క గదిలోంచి వినిపించినట్టుంది. అనాలని అనుకోలేదు. అనకూడదనీ అనుకోలేదు.

"ఏంటి?"

"ఉండను బాస్. సోమవారం రాను."

"రాకపోతే ఎక్కడికి పోతావ్?"

"తెలీదు."

"ఈ వయసులోనా?"

"నాకు వేరే వయసు లేదు."

"కోపమొచ్చిందా? వస్తే చెప్పు. ఇక్కడ అందరం మనవాళ్ళమే."

వీబ్రెన్ మరోసారి వెతికి చూసుకున్నాడు. "రాలేదు" అన్నాడు. ఆ సంగతే అక్కడున్నవాళ్ళని ఎక్కువ కలవరపెట్టింది. కేకలేసి ఉంటే సర్దిచెప్పేవాళ్ళు.

"చీజు ముక్కలు ఎవరికైనా?" అంది త్రైన్‌చ్యే. పళ్ళెం ఒక చేతినుంచి ఇంకో చేతికి నడిచింది. అందరూ ఒక్కో ముక్క తీసుకున్నారు.

వీబ్రెన్ లేచాడు. వెళ్ళిపోయేవాడు కూడా అందరి చేతులూ కలిపే వెళ్ళాలి. కోపంతో వెళ్ళేవాడికైనా ఇందులో మినహాయింపు లేదు. వలయం చుట్టూ మూడోసారి తిరిగాడు. చివర బాస్. ఆయన కూర్చునే చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి నిలకడగా లేదు. వీబ్రెన్ దాన్ని పట్టుకున్నాడు, అది కాస్త కుదురుకున్నాక వదిలాడు.

బయట సముద్రం గాలి కాలవ మీదుగా అడ్డంగా కొడుతోంది. సైకిళ్ళు ఇనప కంచెకి ఆనించి ఉన్నాయి. తనదీ రిన్‌స్కేదీ తాళాలు తీసి నిలబడ్డాడు. రిన్‌స్కే లోపల కోటు, చేతి తొడుగులు వెతుక్కుంటోంది. తలుపు తెరుచుకుంది గానీ వచ్చింది మారిత్. కోటు లేకుండానే వచ్చేసింది.

"బాబాయ్, నేనడగలేదు. నాన్నే పిలిచాడు."

"తెలుసు."

"నిన్నడిగాడనుకున్నాను. ఒప్పుకున్నావనుకున్నాను."

"మీ నాన్న అడగడు. నేనూ అడగలేదు."

ఆమె చేతులు చంకల్లో దాచుకుంది. "నిజంగా రావా?"

"రాను."

"మరి నాకు కింది పొర రాదు. పై రంగు వేస్తాను, ఎవరికీ తీసిపోను. కింద ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నాన్ననడిగితే, అది వీబ్రెన్ చూసుకుంటాడు అనేవాడు. ఆయనకి కూడా తెలీదనుకుంటా."

వీబ్రెన్ సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. చెప్పకపోవడానికి కారణం ఏదైనా ఉందేమోనని చూశాడు. ఉండి ఉండాలి. దొరకలేదు.

"నూనె తక్కువ వెయ్యి" అన్నాడు. "టర్పెంటైన్ ఎక్కువ. పల్చగా ఉండాలి. కింద నూనె జిడ్డుంటే పైది పగిలిపోతుంది."

"సరే."

"ఉత్త నలుపు వాడకు. మట్టిరంగు కలుపు, లేకపోతే మీద ఏ రంగేసినా చస్తుంది. నీడ నువ్వనుకున్నదానికన్నా ఒక్క పిసరు తేలిగ్గా వెయ్యి, పై రంగు పడ్డాక అదే ముదురుతుంది. వెలుగున్న చోట చెక్కని వదిలెయ్యి. కుంచె ఎప్పుడూ చెక్క గీతల వెంటే పోవాలి, అడ్డంగా కాదు."

"ఊఁ."

"ఎండబెట్టు. తొందరపడితే పొయ్యి దగ్గర పెట్టు, మరీ దగ్గర కాదు." ఇంకేముందా అని ఆగాడు. "అందంగా వస్తోందే అనిపించగానే ఆపెయ్యి. అక్కణ్ణించి నీది కాదు."

మారిత్ ఇంకా వింటోంది. గాలికి జుట్టు నోట్లో పడుతోంది, తీసుకోవడం లేదు.

"అంతేనా?" అంది.

వీబ్రెన్ ఆలోచించాడు. ఇంకా చాలా ఉంటుందనుకున్నాడు. ఉదయం నుంచి రాత్రి దాకా చెప్పినా తరగదని ఎప్పుడూ అనుకునేవాడు.

"అంతే" అన్నాడు.

తలుపు తెరుచుకుని రిన్‌స్కే వచ్చింది, రెండో చేతి తొడుగు ఇంకా వేళ్ళకి ఎక్కించుకుంటూ.